జర పెద్దగ రాయరాదు సారూ

ఎండాకాలం వస్తే మక్తల్ దిక్కు గడ్డి మాడిపోతుంది. మా నాయిన గొర్ల మందను తోలుకుని హుజూర్‌నగర్ దగ్గరి కాలువ పొలాలకు నడిచిపోయేవాడు. ఆ ఏడు ఆయన ఎడమ కాలు మొరాయించింది. నడుము నుంచి పిక్క దాకా ఒకటే మంట. కాపరులు కర్రకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడతారే, అలా నిలబడలేక గట్టు మీద చతికిలబడేవాడు.

ఇక నడవలేను, మందను అమ్మేద్దామన్నాడు. అన్న ఆ నొప్పిని నమ్మలేదు. మందను అమ్మేస్తే ఇల్లు ఎలా గడుస్తుందని అతని భయం.

"స్కానింగ్ తీపిద్దం నాయినా. అండ్ల ఏమన్న ఉంటే అమ్ముదం, లేకుంటే నువ్వే పోవాలె" అన్నాడు.

కాలు ఎవరిది, తీర్పు ఎవరిది? నాకు ఒళ్లు మండింది. అయినా నాయినను మహబూబ్‌నగర్ తీసుకుపోయింది నేనే.

మిషన్‌లో కాలు చాపి కదలకుండా పడుకోవడానికి ఆయన పళ్లు బిగబట్టాడు. తర్వాత ఎముకల డాక్టర్ మాకు కంప్యూటర్ మీద చూపించాడు. రెండు వెన్నుపూసల నడుమ ఉండే మెత్తటి డిస్క్ వెనక్కి ఉబ్బి, కాలికి పోయే నరాన్ని తాకుతోంది. ఆ ఉబ్బు మీద గీత గీసి కొలిచాడు.

"చిన్నదే. మూడు మిల్లీమీటర్లు" అన్నాడు.

నాయిన ముఖం వాడిపోయింది. రోగం చిన్నదంటే అంత దిగులుపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

"జర పెద్దగ రాయరాదు సారూ" అన్నాడు మెల్లగా.

డాక్టర్ నవ్వబోయి ఆగాడు. "ఉన్నదే రాయాలె పెద్దాయనా. ఉబ్బు పెద్దగున్నా కొందరు మంచిగనే నడుస్తరు. చిన్నగున్నా కొందరికి కాలు గుంజుతది. కొలతను బట్టి నొప్పి ఉండదు. నీ నొప్పి నిజమే."

"గా మాట రాయి సారూ. గది చాలు."

రాశాడు. బరువులు ఎత్తొద్దని, ఎక్కువ నడవొద్దని కూడా రాశాడు.

ఇంట్లో అన్న కాగితం మీద వేలు పెట్టి చదువుతూ మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాడు. తన బిడ్డ బడిసంచిలోంచి స్కేలు తీసి, మూడు గీతలు లెక్కబెట్టి నాయినకు చూపించాడు.

"గింతనే గదా!"

డాక్టర్ చెప్పిందంతా చెప్పాను, అరిచాను, ఏడ్చాను. స్కేలు చేతిలో ఉన్న మనిషి నా మాట వింటాడా?

తెల్లారి నాయిన గొంగడి భుజాన వేసుకుని మంద వెనక బయలుదేరాడు. అన్న వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. వీధి మలుపు దాకా నాయిన కుంటకుండా నడిచాడు. సద్దిమూట ఇవ్వడానికి నేను పరుగున వెళ్లేసరికి, మలుపు అవతల గోడ పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"అన్నకు చెప్పకు బిడ్డా" అన్నాడు. "గింత దానికేనా అంటడు."