నా హెల్మెట్‌కు అమ్మ మొక్కిన మొక్కు

మనిషి తన తల చుట్టుకొలత ఎంతో తెలియనంత కాలం హాయిగా బతుకుతాడు. నాకు ఆ హాయి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పోయింది. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి, బోయిన్‌పల్లిలోని మా ఇంటికీ తిరుమలగిరిలోని ఆఫీసుకూ మధ్య ఒక పాత మోటారుసైకిలు మీద తిరుగుతున్న ఆ రోజుల్లో, నా తలకు బయట ఒకటి, లోపల ఒకటి దట్టంగా పెరిగి ఉండేవి. బయటిది జుట్టు. ఉంగరాలు తిరిగి, పైకి లేచి, ఎన్ని దువ్వెనల పళ్ళు రాల్చిందో లెక్కలేదు. లోపలిది పట్టికల పిచ్చి. ఏ వస్తువు కొనాలన్నా ముందు కంప్యూటర్‌లో గళ్ళు గీసి, ఒక్కో గుణానికి మార్కులు వేసి, కూడి, భాగించి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్ళాలి. ఇంట్లోకి కొత్త మిక్సీ ఏది కొనాలో నేను తేల్చేలోపు అమ్మ పచ్చళ్ళన్నీ రోట్లో నూరుకుంది. (చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ రోలు చూపించి మరీ ఈ కథ చెబుతుంది.)

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవాడు. అందరం 'కెప్టెన్' అనేవాళ్ళం. నెలకో ఆదివారం ఏడెనిమిది మందిని వెంటేసుకుని వికారాబాద్ వైపు బండ్ల మీద వెళ్ళేవాడు. సగం దూరం తారు రోడ్డు, ఆ తర్వాత అడవిలో రాళ్ళూ బురదా నిండిన ఎర్రమట్టి బాట. ఆ బృందంలో చేరాలని నాకు ఎంత కోరికంటే, కలలో కూడా నా బూట్లకు ఎర్రమట్టి అంటుకుని ఉండేది. కానీ కెప్టెన్ దగ్గర ఒక పరీక్ష ఉండేది. బయలుదేరే ముందు ప్రతివాడి హెల్మెట్‌నూ రెండు చేతులతో పట్టుకుని సొరకాయను ఊపినట్టు ఊపేవాడు. హెల్మెట్‌తో పాటు తల కూడా ఊగితే పాస్. హెల్మెట్ ఒక్కటే తిరిగితే, "తమ్మీ, నువ్వు ఇంటికి పోయి టిఫిన్ చెయ్‌పో" అనేవాడు. నా దగ్గరున్న పాత టోపీలాంటి హెల్మెట్‌ను ఊపడానికి కూడా అతను ఇష్టపడలేదు. దూరం నుంచే చూసి, "గిది హెల్మెటా, గిన్నెనా?" అన్నాడు.

అలా మొదలైంది. రోడ్డు మీద వాడే హెల్మెట్ నున్నగా ఉంటుంది, ముందు అద్దం ఉంటుంది, గాలి దాని మీద నుంచి జారిపోతుంది. మట్టిబాటల్లో వాడేదానికి అద్దం ఉండదు, గడ్డం దగ్గర ముందుకు పొడుచుకొస్తుంది, నుదుటి మీద చూరులాంటి రేకు ఉంటుంది. నాకు రెండు దారులూ కావాలి కాబట్టి అద్దమూ చూరూ రెండూ ఉన్న మూడో రకం కావాలి. అది కూడా నా జీతానికి లోబడి కావాలి. (ఈ చివరి షరతు దగ్గర సగం పట్టిక దానంతటదే ఖాళీ అయిపోయింది.) మిగిలినవాటికి ఐఎస్ఐ గుర్తు, బరువు, గాలి రంధ్రాలు, చెంపదిండ్లు ఊడదీసి ఉతకగలగడం, చూరు ఎగిరిపోకుండా ఉండే వేగం, మబ్బు పట్టని అద్దం, ఇలా వరుసలు పెట్టుకుంటూ పోయాను. బరువు విషయంలో కంపెనీల మాట నమ్మలేక, కెప్టెన్‌ను బతిమాలి ఆయన హెల్మెట్ అరువు తెచ్చి, మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆమె తక్కెడలో తూకం వేయించాను. ఆమె టమాటాలు తీసి హెల్మెట్ పెట్టింది, ముల్లు చూసింది, నన్ను చూసింది. "తూకమైతే మంచిగనే ఉంది గని, కూరకు పనికొస్తదా సారూ?" అని అడిగింది.

రాణిగంజ్‌లో హెల్మెట్ల దుకాణం భాయ్‌కి నేనొక వారపు ఉపద్రవంలా తయారయ్యాను. ప్రతి శనివారం వెళ్ళి, ఒక్కో హెల్మెట్ పెట్టుకుని, అద్దం ముందు కూర్చుని, నొప్పి ఎక్కడ పుడుతుందో గమనించేవాణ్ణి. ఒకసారి నేను అలా కూర్చుని ఉండగా ఎవరో వచ్చి నన్ను బొమ్మ అనుకుని ధర అడిగారు. భాయ్ నవ్వకుండా, "అది అమ్మకానికి లేదు సాబ్. అది ప్రతి హఫ్తా దానంతట అదే వస్తది, పోతది" అన్నాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అధ్వానం. భోజనాల దగ్గర కూడా చెంపదిండ్ల గురించే మాట్లాడేవాణ్ణి. నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాడు. అమ్మ మాత్రం తప్పించుకోలేకపోయింది. టేపు తెచ్చి నా తల చుట్టూ కొలవమని రోజుకోసారి అడిగేవాణ్ణి, సగటు తీయాలి కదా. "నిన్న కొలిచిన తలనే కదరా, రాత్రికి రాత్రి పెరుగుతదా?" అని విసుక్కుంటూనే కొలిచేది.

అప్పుడు కెప్టెన్‌కు పుణె బదిలీ అయింది. వచ్చే ఆదివారమే తన చివరి రైడ్ అని ప్రకటించాడు. నా దగ్గరికి వచ్చి, "ఆఖరి చాన్స్ తమ్మీ. హెల్మెట్ పెట్టుకొని రా, లేకుంటే నా ఫొటోకు దండేసుకొని ఇంట్ల కూసో" అన్నాడు. ఆ సాయంత్రమే రాణిగంజ్ వెళ్ళి, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఎర్ర చూరు హెల్మెట్‌ను కొనేశాను. నా తల మీద అది ఎంత బిగువుగా కూర్చుందంటే, భాయ్ స్వయంగా పట్టుకుని ఊపితే దుకాణం ఊగినట్టనిపించింది. "ముబారక్ ఇంజనీర్ సాబ్. ఇగ శనివారాలు నేను సుత ఇంట్ల ఉంట" అన్నాడు.

ఇంటికి తీసుకెళితే అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ తిప్పి, దండం పెట్టి, కళ్ళొత్తుకుంది. నేను కదిలిపోయాను. నా క్షేమం గురించి ఇంత ఆరాటపడుతుందని తెలియదు. అప్పుడు అంది, "ఎల్లుండి శనివారం గుట్టకు పోవాలె బిడ్డా. నీ ఎంట్రుకలిస్తనని మొక్కుకున్న."

గుట్ట అంటే యాదగిరిగుట్ట. మా ఇంట్లో కష్టాలన్నీ అక్కడికే చేరుతాయి.

"ఏమని మొక్కినవమ్మా? ఉద్యోగం రావాలనా?"

"ఉద్యోగం నువ్వు చదివి తెచ్చుకున్నవ్. నువ్వు హెల్మెట్ కొనాలని మొక్కిన."

నాన్న పేపరు దించాడు. "పాపం, దేవుడు సుత పరేషాన్ అయ్యుంటడు. అందుకే జల్ది కొనిపిచ్చిండు."

"రైడ్ ఆదివారం కదమ్మా. అది అయినంక పోదాం."

"మొక్కు నెత్తిన పెట్టుకొని బండెక్కుతవా? నేను బతికుండంగ కాదు!" అంది. అమ్మ అలా అన్నాక మా ఇంట్లో ఏ పట్టికా పనిచేయదు.

శనివారం పొద్దున్నే గుట్టకెళ్ళాం. కల్యాణకట్టలో కూర్చుంటే నా ఉంగరాలన్నీ ఒడిలో రాలాయి. చల్లగాలి తగిలి, గంధం పూసుకున్నాక ఎంతో తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక గురించి ఒక ఇంజనీరుకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పులిహోర తిని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మర్నాడు ఎర్రమట్టిలో ఎగిరే దృశ్యాలు ఊహించుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నం ఇంటికి చేరగానే అద్దం ముందు నిలబడి హెల్మెట్ పెట్టుకున్నాను. కుడివైపుకు తల తిప్పాను. తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. అది అద్దంలోకి హుందాగా చూస్తూనే ఉంది. నేను మాత్రం చీకట్లో దాని చెంపదిండును చూస్తున్నాను. నా పట్టికలో అన్ని వరుసలున్నాయి, జుట్టు వరుస లేదు. నేను కొలిచింది నా తలను కాదు, నా తలా దాని మీద మొలిచిన అడవీ కలిపి.

అమ్మ హెల్మెట్‌ను గిర్రున తిప్పి చూసి బుగ్గలు నొక్కుకుంది. "నేను దేవునికి ఎంట్రుకలిస్తనన్న గని, సైజు ఇస్తనన్ననా?"

"ఎంట్రుకలు పోతే సైజు పోదా?" అన్నాడు నాన్న. "నీ కొడుకు తలల ఇంకేముంది? ఇంకా టైముంది, పోయి మన ఎంట్రుకలు మనకియ్యమని అడుగుదామా?"

అమ్మను వెనక కూర్చోబెట్టుకుని (పాత గిన్నె హెల్మెట్ నా ముక్కు దాకా జారుతుండగా) రాణిగంజ్ పరిగెత్తాను. భాయ్ నా గుండు చూసి కుర్చీలోంచి లేచాడు. విషయం విని, "ఇదేం తక్లీఫ్ లేదు సాబ్. కొత్తదే కదా, చిన్న సైజు మార్చిస్త" అన్నాడు. చిన్నది సరిగ్గా సరిపోయింది. నేను డబ్బా అందుకోబోయి ఆగిపోయాను.

"కానీ భాయ్, జుట్టు మళ్ళీ పెరుగుతుంది కదా. అప్పుడు ఇది పట్టదు."

"అప్పుడు కటింగ్ చేపిచ్చుకోండి."

"ఏ పొడవు దగ్గర ఆగాలి? వెంట్రుక నెలకు ఎంత పెరుగుతుందో చూసి, ఉంగరాలు అణిగే మందం తీసేస్తే, అసలు ఏ తలను నా స్థిరమైన తలగా తీసుకోవాలి? ఒక్క నిమిషం..." అని జేబులోంచి ఫోన్ తీసి గళ్ళు తెరిచాను.

అమ్మ ముఖంలో రక్తం లేదు. భాయ్ ముఖంలోనూ లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒద్దు భాయ్!" అంది అమ్మ, పెద్ద సైజు హెల్మెట్‌ను చంకలో పెట్టుకుని. "ఏం మార్చకు. ఇగ షురూ చేస్తే మళ్ల దసరా దాంక తెగదు. తలనే నేను లావు చేస్త."

"అల్లా మీకు ఓపిక ఇవ్వాలె అమ్మా," అన్నాడు భాయ్, మనస్ఫూర్తిగా.

తల లావు చేసే కార్యక్రమం సాయంత్రం జరిగింది. అమ్మానాన్నలు ముందు నా తలకు మఫ్లరు చుట్టి చూశారు, హెల్మెట్ దిగలేదు. మంకీ క్యాప్ పెట్టి చూశారు, ఇంకా వదులే. చివరికి సోఫా కవర్లు కుట్టించగా మిగిలిన మెరూన్ రంగు మఖమల్ ముక్క బయటికొచ్చింది. అమ్మ దాన్ని రెండు పొరలు చేసి, మధ్యలో దూది పరిచి, మిషన్ మీద టోపీ కుట్టేసింది. చెవుల మీదికి దిగే రెండు రేకులు, గడ్డం కింద ముడేసుకోవడానికి నాడా. అంచుకు బంగారు రంగు లేసు కూడా ఉంది. ("లేసెందుకమ్మా?" అంటే, "మిగిలింది, పారేస్తమా?" అంది.) అది పెట్టుకుని, మీద హెల్మెట్ పెట్టుకుంటే రాయిలా బిగుసుకుంది. నాన్న ఊపి చూశాడు. నాతో పాటు మంచం కూడా కదిలింది.

ఆదివారం తెల్లవారుతూనే తిరుమలగిరి చౌరస్తాలో అందరూ కలిశారు. నేను ఇంటి దగ్గరే హెల్మెట్ ఎక్కించుకుని వెళ్ళాను. కెప్టెన్ నా ముందుకొచ్చి, రెండు చేతులూ వేసి, ఊపాడు. నా మెడ, భుజాలు, బండి హ్యాండిలు కూడా ఊగాయి. మళ్ళీ ఊపాడు, ఈసారి కసిగా.

"అరె వా! గింత టైట్ ఫిట్టింగు నేను ఏడ చూడలే. ఏ సైజు?"

"కస్టమ్," అన్నాను లోపలి నుంచి.

ఆ రోజు నేను హెల్మెట్ తీయలేదు. తీస్తే బంగారు లేసు కనబడుతుంది. దారిలో అందరూ టిఫిన్‌కు ఆగితే నేను అద్దం పైకెత్తి, ఇడ్లీని సన్నగా తుంచి, ఉత్తరాల డబ్బాలో వేసినట్టు లోపలికి పంపాను. చాయ్‌కి ఎవరో స్ట్రా తెచ్చిచ్చారు. "ఏందిరా, లోపట ఏమన్న మొలిచిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు లేదు, మొలవాల్సి ఉంది. అడవి బాట మాత్రం నేను కలగన్నట్టే ఉంది. రాళ్ళ మీద నిలబడి నడిపాను. ఒక గుంత దాటాను. రెండో గుంత నన్ను దాటనివ్వలేదు. బండి ఒక వైపు, నేనొక వైపు, తల నేరుగా బురదలో. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి, నా చేయీ కాలూ చూడకముందే హెల్మెట్ పట్టుకుని ఊపాడు.

"చూసిన్రా? పడ్డా కదల్లే! నేర్చుకోండ్రి!"

ఆ ఎండలో, మఖమల్ టోపీలో, నా గుండు ఉడికిపోతున్నా, అంతటి గౌరవం నాకు ఆఫీసులో ఎన్నడూ దక్కలేదు. చివర్లో అందరూ హెల్మెట్లు చంకలో పెట్టుకుని ఫొటో దిగారు. అందులో ఎర్ర చూరు హెల్మెట్ తల మీదే ఉంచుకుని నిలబడ్డవాణ్ణి నేనేనని రుజువు చేయడం ఇప్పటికీ కష్టం.

సాయంత్రం ఇంటి గుమ్మంలో, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, హెల్మెట్టూ టోపీ కలిపి లాగేసి, అమ్మా అని పిలిచాను. అమ్మ తలుపు తీసింది. నా ముఖం చూసింది. వీధి మొత్తం వినబడేలా కేక పెట్టింది. మఖమల్ రంగు చెమటకు దిగి, గుండంతా పూసుకుని, నుదుటి మీంచి, చెంపల మీంచి, గడ్డం దాకా ఎర్రగా ధారలు కట్టి కారుతోంది. నాకా సంగతి తెలియదు. నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

"స్వామీ! నా కొడుకు పానం నిలిస్తే మళ్ల గుండు చేపిస్త!" అని అమ్మ గుట్ట ఉన్న దిక్కుకు చేతులెత్తింది.

నాన్న నెమ్మదిగా వచ్చి, నా నుదుటి మీద వేలితో రాసి, వెలుతురులో చూశాడు. "రక్తం కాదే. మన సోఫా."

కానీ మాట అప్పటికే వెళ్ళిపోయింది. వెనక్కి తీసుకునే పద్ధతి లేదట, అమ్మను చాలాసార్లు అడిగాను. హెల్మెట్‌కు సరిపడేంత జుట్టు పెరగగానే మమ్మల్ని మళ్ళీ గుట్ట పిలిచింది. అలా చాలా కాలం నా జుట్టూ నా హెల్మెట్టూ ఒకే ఇంట్లో ఉండి కూడా కలుసుకోలేదు.

ఇప్పుడు ఆ హెల్మెట్ కాలం తీరిపోయింది. మొన్న కొత్తది కొన్నాను, అదే భాయ్ దగ్గర. ఆయన నన్ను చూడగానే అలవాటుగా షట్టరు వైపు చూశాడు. ఈసారి ఒక్క శనివారంలోనే తేల్చేశాను. పట్టికలో జుట్టు వరుసను అన్నిటికన్నా ముందు పెట్టాను కానీ, దాని ఎదురుగా రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నుదురు ఒక్కో ఏడూ కొంచెం కొంచెం వెనక్కి నడిచి, ఇప్పుడు నడినెత్తి దాకా చేరింది. అమ్మ దాచిన మెరూన్ టోపీని వెతికి, సరదాకి పెట్టుకుని చూశాను. ఎన్ని ఉతుకులు పడ్డాయో, రంగు దిగడం లేదు. లేసు మాత్రం ఇంకా మెరుస్తోంది. అద్దంలో ఆ లేసు కింద ఉన్న మనిషి, ఇడ్లీని ఉత్తరంలా పంపుకున్న కుర్రాణ్ణి తలచుకుని నవ్వుతున్నాడు. టోపీ తీసేసరికి వెనక అమ్మ నిలబడి ఉంది. నా నెత్తిని కాసేపు చూసి, నేను ఏదో అడగబోతున్నానని అనుకుందేమో, గబగబా చేతులూపింది.

"నా దిక్కు గట్ల చూడకు బిడ్డా. దీనికి నేనేం మొక్కలే. ఒట్టు."