ట్యూబ్ అడుగున రాతిపొడి

దయ్యాల కథలు చెప్పేవాళ్లని చిన్నప్పటి నుంచీ ఏడిపించిన మనిషిని నేను. గాలి సోకిందని మా అవ్వ నాకు తాయెత్తు కట్టిస్తే విప్పి మా వీధి కుక్క మెడలో కట్టాను. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

మాది ఆళ్లగడ్డ. నాయన శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద నాయన, చిన్నాయన కలిసి విగ్రహాలు చెక్కేవాళ్లు. నేను నంద్యాలలో ఒక ఫార్మసీ కాలేజీలో పీహెచ్‌డీ చేశాను. హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారం వీలైతే బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడే మాత్ర ఒకటుంది. మింగాక అది రక్తంలో కలుస్తుంది. కాలేయం దాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. ఆ వేగం అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో మందు నిలబడుతుంది, కొందరిలో పని చేసేలోపే ఖర్చయిపోతుంది. ఎవరి రక్తంలో ఎంత నిలబడుతోందో కొలవడమే నా పని.

కర్నూలులో ఒక ఆసుపత్రి నుంచి పేషెంట్ల ప్లాస్మా మాకు ఐసు పెట్టెలో వచ్చేది. ప్లాస్మా అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే పసుపు రంగు నీరు. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరి రక్తమో మాకు తెలియకూడదు, అది రూలు. దాంట్లో ఒక రసాయనం కలిపి గిరగిరా తిప్పితే మాంసకృత్తులు తెల్లగా పెరుగులాగా అడుక్కి చేరతాయి. పైన తేరుకున్న నీటిని మెషీన్లోకి ఎక్కిస్తే తెర మీద గీత లేస్తుంది. మందుకొక శిఖరం, విరిగిన మందుకొక శిఖరం.

పదిహేడో నంబరు పేషెంట్ గీత మొదటి నుంచీ వేరుగా ఉండేది. మందు శిఖరం పొట్టిగా, విరిగిన మందు శిఖరం పొడుగ్గా. ఈ మాత్ర విషయంలో దానికి బాగా తెలిసిన కారణం ఒకటుంది. బీడీ, సిగరెట్ పొగ లోపలికి పోతుంటే కాలేయం ఆ మందుని రెట్టింపు తొందరగా విరగ్గొడుతుంది. ఫైల్లో మాత్రం ఆయనకి పొగతాగే అలవాటు లేదని రాసుంది. నాతోపాటు పనిచేసే రెహానాతో, ఈయనెవరో ఇంట్లోవాళ్లకి తెలియకుండా బీడీ కొడుతున్నాడే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మా గైడు సారుకీ చెప్పాను. ఆసుపత్రివాళ్లు ఆయన్ని ఒకసారి గట్టిగా అడిగితే బాగుంటుంది సార్, బీడీ మానేస్తే మందు నిలబడుతుంది, లేకపోతే ఊరికే మింగుతున్నట్టే అన్నాను. సారు నేనిచ్చిన గీత కాగితాన్ని బోర్లించి పెట్టాడు. మన రిజల్ట్స్ వైద్యానికి వాడకూడదు, పర్మిషన్ అట్లా తీసుకున్నాం, కొలవడం వరకే మన పని అన్నాడు. సారు మాటంటే నాకు వేదం. చదువులో ఒక సంవత్సరం పోగొట్టుకున్న నన్ను ఎవరూ తీసుకోకపోతే పిలిచి సీటిచ్చిన మనిషి ఆయన. సరే సార్ అని వచ్చేశాను.

పొడి కనిపించింది ఆ తర్వాతే.

పదిహేడో నంబరు ట్యూబ్ తిప్పి బయటికి తీస్తే, తెల్లటి ముద్ద కింద సన్నగా బూడిద రంగు పొర. అట్లాంటిది అక్కడ ఉండటానికి వీల్లేదు. మెషీన్ దుమ్మేమో అనుకుని తిప్పే డబ్బా అంతా కడిగాను. రసాయనం సీసా మార్చాను. కొత్త ట్యూబులు తీసుకున్నాను. తర్వాతి పెట్టెలో వచ్చిన ట్యూబులన్నీ ఒకేసారి పెట్టి తిప్పాను. మిగతా అందరివీ శుభ్రంగా ఉన్నాయి. పదిహేడో నంబరు అడుగున మళ్లీ అదే పొర.

రెహానా కూడా చూసింది. కొంచెం తీసి గ్లౌజు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. అది నాకు తెలిసిన పొడే. నాయన చొక్కాలు నానబెట్టిన బకెట్ వంచేస్తే అడుగున సరిగ్గా అదే మిగిలేది. రాయి చెక్కే ఇంట్లో పుట్టిన పిల్లకి దాన్ని ఇంకొకరు చూపించక్కర్లేదు. రెహానాతో మాత్రం అనలేదు. అంటే నా తాయెత్తు కథ తీసి నన్నే ఏడిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఇంటికి పోయాను. నాయన బాగా చిక్కిపోయాడు. మండుటెండల్లో మోచేతులు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఏమైందంటే షుగర్ వచ్చిందంట అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. చిన్నాయన ఫోను మాట్లాడుతున్నట్టు బయటికి నడిచాడు. నేను షుగర్ మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ముగ్గురూ బుద్ధిగా తలూపారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాతి పెట్టెలోనూ ఆ పొర వచ్చింది. ఈసారి ట్యూబ్ తీసుకుని సారు గదికి పోయాను. మధ్యాహ్నం, అన్నం తిని కూర్చున్నాడు. ట్యూబ్ ఆయన టేబుల్ మీద పెట్టి నవ్వుతూనే అన్నాను, ఈ పదిహేడో నంబరాయన మా ఊరి శిల్పి ఎవరో అయ్యుంటాడు సార్, ట్యూబులో కూడా రాతిపొడే వస్తోంది అని.

సారు ట్యూబ్ వైపు చూశాడు. లేచి తలుపు మూశాడు.

"మీ నాయనే నన్ను చెప్పొద్దన్నాడమ్మా," అన్నాడు.

మిగతాది ఆయన నోటి నుంచే విన్నాను. నాయనకి ఊపిరితిత్తుల్లో గడ్డ. కర్నూలు ఆసుపత్రిలో, నంద్యాల కాలేజీకి రక్తమిస్తావా, చదువుకునే పిల్లలకి పనికొస్తుంది అని అడిగారంట. ఏ కాలేజీ అని కనుక్కుని నాయన నేరుగా సారు దగ్గరికొచ్చాడు. మా పాప ఈడనే ఉంది సార్, ఆమెకు పనికొస్తాదంటే ఇస్తా, కానీ ఆమెకు తెలియకూడదు అన్నాడు. వెనక అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను పరీక్షలు వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. ఆ సంవత్సరం పోవడానికి కారణం అదే. మళ్లీ అట్లా జరుగుతుందని ఆయన భయం. పెద్ద జబ్బు వస్తే పేషెంట్‌కి చెప్పకుండా దాచడం మా వైపు మామూలే. మా ఇంట్లో మాత్రం అందరికీ తెలుసు, దాన్నే చదువుకుంటున్న నాకు తప్ప.

నేను అడిగింది ఒక్కటే. "బీడీ సంగతి మీకు చెప్పినప్పుడు ఆయన ఎవరో మీకు తెలుసు కదా సార్?"

రూలు అట్లా ఉందమ్మా అన్నాడు. ట్యూబ్ తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాయన షెడ్డులో నులకమంచం మీద కూర్చుని చిన్నాయన చెక్కుతుంటే చూస్తున్నాడు. నన్ను చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"ఎవురు చెప్పినారు పాపా?"

"నీ నెత్తురే చెప్పింది. బీడీ తాగుతాండావా నాయనా?"

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నా కోసం ఉలి మీద చెయ్యేసి బీడీ మానేస్తానని ఒట్టు పెట్టాడు. మా ఇళ్లలో ఉలి మీద ఒట్టంటే ఇక తిరుగు లేదు, అన్నం పెట్టేది అదే కాబట్టి. ఆసుపత్రిలో అలవాటు లేదని రాయించింది కూడా, ఆ సంగతి నా దాకా వస్తుందన్న భయంతోనే. అమ్మ చేత, చిన్నాయన చేత నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నదీ ఆ ఉలి మీదే. ఆయన ఒట్టు ఆయన తప్పాడు. నాకు చెప్పొద్దని పెట్టించిన ఒట్టు మాత్రం ఇంటిల్లిపాదీ నిలబెట్టుకున్నారు.

తల దించుకుని అడిగాడు, "నీ సదువుకు అక్కరకొచ్చినాదా?"

ఆ మాటకి ఏడుపు రావాలి. నాకు కోపమొచ్చింది. నీకు అక్కరకొచ్చేది నా దగ్గర ఉంది, అది నన్ను ఇయ్యనీయలేదు మీరంతా అని అరిచాను. చిన్నాయన సుత్తి పక్కన పెట్టి చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాయన ఆ రోజే బీడీ మానేశాడు, ఈసారి నిజంగానే. మరుసటి నెల పదిహేడో నంబరు గీతలో మందు శిఖరం అందరిలాగే లేచింది. నేను అనుకున్నట్టే మందు రక్తంలో నిలబడింది. కానీ స్కాన్ తీస్తే జబ్బు అప్పటికే ఎముకల్లోకి దిగి ఉంది. నా థీసిస్ పూర్తి కాకముందే నాయన పోయాడు. సారు ఆళ్లగడ్డ వచ్చి పూలదండ వేసి, నా తల మీద చెయ్యిపెట్టి వెళ్లాడు.

పొడి సంగతికొస్తాను. నాకు తెలిసిపోయాక వచ్చిన ట్యూబుల్లో అది ఒక్కసారి కూడా కనబడలేదు. అనుమానం తీరక, ఫ్రీజర్లో మిగిలిన పాత ట్యూబులు, అంటే పొడి వచ్చిన రోజుల రక్తమే, మళ్లీ తిప్పి చూశాను. వాటిలోనూ లేదు. ఆసుపత్రి డాక్టరుని అడిగాను. రాళ్లు చెక్కేవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంటుంది గానీ అది ఇట్లా ప్లాస్మాలోకి వచ్చి అడుక్కి చేరదు, మీ ల్యాబు దుమ్మే అయ్యుంటుంది అన్నాడు. కావచ్చు. నేనైనా ఇంకొకరికి అదే చెప్పేదాన్ని.

సారు గదిలో నుంచి తెచ్చిన ట్యూబ్ మాత్రం, అడుగున పొడి ఆరనిచ్చి, దాచుకున్నాను. నాయన దినం అయ్యాక చిన్నాయనకి చూపించాను. ఎక్కడిదో చెప్పలేదు. అరచేతిలో పోసుకుని, వేలితో నలిపి, "మన షెడ్డుదే గదా, ఏం జేసుకుంటావ్?" అన్నాడు.

పోయిన సంవత్సరం నా వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడికి పదిహేడో నంబరు గీత బాగా నచ్చింది. బీడీ మానకముందు, మానిన తర్వాత, రెండూ ఒకే మనిషిలో ఇంత స్పష్టంగా దొరకడం అదృష్టం అన్నాడు. తెర మీద మా నాయన రెండు గీతలుగా ఉన్నాడు. ఈ పేషెంట్ ఇప్పుడెలా ఉన్నాడని ఆయన నన్నే అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే సారు అందుకున్నాడు. "తర్వాత రావడం మానేశాడు సార్," అన్నాడు.

పరీక్షకుడు తలూపి తర్వాతి పేజీ తిప్పాడు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు, సారు కూడా కొట్టాడు.

ఆ పొడి ట్యూబ్ అడుక్కి ఎట్లా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మా నాయన శవం మీద దండ వేసి వెళ్లిన మనిషి, నా పక్కనే నిలబడి ఆ మాట ఎట్లా అనగలిగాడో అదీ తెలియదు.