ఫ్యాన్లకు కట్టిన దారాలు

వస్తువుల వెనక వైపు చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇంటికి కొత్త ఫ్రిజ్ వస్తే అందరూ తలుపు తెరిచి చూస్తుంటే నేను గోడకీ దానికీ మధ్య దూరి, వెనక ఉన్న నల్లటి గొట్టాలు లెక్కపెట్టేదాన్ని. "దీన్ని ఏ ఇంటికి ఇచ్చినా గోడలకు అతుక్కునే ఉంటుంది" అని మా మేనత్త వేళాకోళం చేసేది. ఆ జబ్బే ఇప్పుడు నాకు కూడు పెడుతోంది. ఏలూరులో ఉంటూ, చుట్టుపక్కల డేటా సెంటర్లలో నెట్‌వర్క్ స్విచ్‌లు మొరాయిస్తే వెళ్లి, పాడైన భాగాలు తీసి కొత్తవి వేసి రావడం నా ఉద్యోగం.

స్విచ్ అంటే లావుపాటి పుస్తకం మందాన ఉండే ఇనుప పెట్టె. ఊళ్లోని ఆసుపత్రి, బడి, చేపల మేత కంపెనీ, కేబుల్ ఆఫీసు, అందరి కేబుళ్లూ వచ్చి దాని ముందు వైపు గుచ్చుకుంటాయి. ఎవరి సమాచారం ఎటు వెళ్లాలో అది చూసి పంపుతుంది. దాని వెనక వైపు రెండు పవర్ సప్లైలు, నాలుగు చిన్న ఫ్యాన్లు ఉంటాయి. ఇవి స్విచ్ నడుస్తుండగానే మార్చుకోగలిగిన భాగాలు. పిడి నొక్కి లాగితే సొరుగులా ఊడి వస్తాయి. ఒక ఫ్యాను ఊడదీయగానే మిగిలిన మూడూ హోరుమంటాయి. ఆ హోరు వినిపించిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

తాడేపల్లిగూడెంలో ఒక షావుకారు గారి డేటా సెంటర్ ఉంది. కింద ఉల్లిపాయల గోడౌను, పైన చల్లటి గది, అందులో రెండు వరసల్లో పెట్టెల బీరువాలు. వేసవి మొదట్లో అక్కడి స్విచ్ మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి వేడెక్కి, దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది. అరగంట చల్లబడ్డాక మళ్లీ లేస్తుంది. ఈలోగా ఆసుపత్రి వాళ్ల ఫోన్లు, బడి వాళ్ల ఫోన్లు. నేను రెండుసార్లు వెళ్లి రెండు ఫ్యాన్లు మార్చి వచ్చాను. జబ్బు తగ్గకపోగా ముదిరింది.

మూడోసారి మా మేనేజరు గారు ఫోన్లో ఇంకో మాట చేర్చారు. "ఈసారి వాళ్లకి రిపేరు కన్నా రిపోర్టు కావాలటండీ. గది చూసుకునే మనిషి నిర్లక్ష్యం వల్లే ఇదంతా అని షావుకారు గారి అనుమానం. మీ రిపోర్టులో ఆ ముక్క ఉంటే నెలాఖరుకి ఆయన్ని మానిపించేస్తారట."

ఆ మనిషి నాకు తెలుసు. యాభై అయిదు దాటిన ఆయన, ఉంగుటూరు నుంచి రోజూ బస్సులో వస్తారు. గది కట్టిన రోజు నుంచీ దాన్ని కాపలా కాస్తూ, తుడుస్తూ, ఏసీ నీళ్ల బకెట్టు మారుస్తూ, గంటగంటకీ ఉష్ణోగ్రత పుస్తకంలో రాస్తూ ఉన్నారు. అంతకుముందు ఆయనది పొలం పని. మోకాళ్లు అరిగాక ఈ ఉద్యోగం దొరికింది, అందుకు ఆయన ప్రతి ఆదివారం వాళ్ల చర్చిలో దేవుడికి వేరుగా కృతజ్ఞత చెప్పుకుంటారట. ఇది పోతే మళ్లీ పొలంలోకి దిగడానికి మోకాళ్లు లేవు, ఆ వయసులో ఇంకో చోట పెట్టుకునేవాళ్లూ లేరు. ఆయన్ని నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన నన్ను అమ్మాయిగారూ అంటారు.

ప్యాసింజరు రైలు భీమడోలు దాటేవరకూ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. యంత్రం ఆగితే ముందుగా తుడిచేవాడి మీద పడతారు. అయితే కోపం పక్కన కుతూహలం కూడా కూర్చుని ఉంది, అబద్ధం ఎందుకు. ఏడాదికో ఫ్యాను పోవడం వింత కాదు. నెలన్నరలో రెండు పోయి, మార్చాక కూడా వేడెక్కడం ఏమిటి?

నా మొదటి అనుమానం ఉల్లిపొట్టు మీద. గోడౌనులోంచి అది గాలికి లేచి మెట్ల మీదంతా తిరుగుతూ ఉంటుంది. గదిలోకి వెళ్లగానే, ఒంట్లోని విద్యుత్తు యంత్రానికి తగలకుండా చేతికి కడియంలా ఉండే స్టాటిక్ పట్టీ తొడుక్కుని, ఒక ఫ్యాను లాగి టార్చి వేసి చూశాను. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. రెండో అనుమానం కొల్లేటి వైపు నుంచి వచ్చే సన్నపురుగులు. వర్షం పడ్డ సాయంత్రాలు అవి లైట్ల కింద దోసిళ్లకొద్దీ రాలతాయి. ఫ్యాన్ల జాలీలో ఒక్కటి కూడా లేదు. బాబాయ్ గారు ప్రతి సోమవారం మెత్తటి బ్రష్షుతో జాలీ దులుపుతారు, పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం చూస్తే ఆయనది నిర్లక్ష్యం అన్నవాళ్ల నాలుక మీద వాత పెట్టాలనిపించింది.

ఆ ఇరుకులో అప్పటిదాకా పట్టించుకోని దారాలు అప్పుడు కనిపించాయి. స్విచ్ వెనక, ఒక్కో ఫ్యాను జాలీ అంచుకీ బెత్తెడు తెల్ల నూలుదారం టేపుతో అంటించి ఉంది.

"ఇవేంటండీ బాబాయ్ గారూ?"

ఆయన మొహం చిన్నబోయింది. "నేనే కట్టానండి. మీరు మొన్న వచ్చి ఎల్లాక. షావుకారు గారు చూసి బాగా కోప్పడ్డారండి, మిషన్లకి తాయెత్తులు కడతన్నావా అని. మేం అలాంటియ్యి కట్టే వాళ్లం కాదండీ. మా పాస్టరు గారు ఇంటే ఊరుకుంటారా?"

"మరెందుకు కట్టారు?"

"వెనకాల సందు ఇరుకండి, ఫ్యాను తిరిగేది కనపడదు. దారం ఊగితే తిరుగుతున్నట్టే కదండీ. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే ముందు గుప్పెడు పొట్టు వదిలి గాలి ఎటుందో చూసుకుంటామండి. ఇక్కడ పొట్టు పొయ్యకూడదు కదా, అందుకని దారం."

పని చేసే మనిషికి ఎంత తెలివి ఉంటుందో అని ముచ్చటపడుతూ దారాల వంక చూశాను. రెండు దారాలు లోపలికి పీల్చుకుపోయి జాలీకి అతుక్కుని ఉన్నాయి. మిగతా రెండు బయటికి, నా మొహం మీదికి ఎగురుతున్నాయి.

ఒకే పెట్టెలో రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతుంటే, పక్కనే రెండు అదే గాలిని బయటికి నెడుతున్నాయి. చల్లగాలి స్విచ్ గుండా అటు చివరికి వెళ్లనే వెళ్లదు, పొరుగు ఫ్యాను దాన్ని సగంలోనే వెనక్కి తోసేస్తుంది. లోపల ఉన్న వేడి లోపలే ఉంటుంది. పొద్దున పూట ఎలాగో లాక్కొస్తుంది, మధ్యాహ్నం పని పెరిగి, ఎండకి ఏసీ డీలా పడేసరికి చేతులెత్తేస్తుంది. లోపలికి లాగుతున్నవాటికి నీలం పిడులు. బయటికి నెడుతున్నవాటికి ఎర్ర పిడులు.

ఎర్ర పిడులవి నేను పెట్టినవి.

పెట్టేటప్పుడు రంగు తేడా చూశాను కూడా. నీలం పాత సరుకు రంగేమోలే అనుకున్నాను. ఎక్కడైనా ఏసీ చల్లగాలి స్విచ్ ముందు వైపు నుంచి వస్తుంది, ఫ్యాన్లు దాన్ని వెనక్కి లాగి బయటికి పంపుతాయి. నేను పని నేర్చుకున్న దగ్గర అంతే, ఆ తరవాత చూసిన ప్రతి గదీ అంతే. అలవాటుగా అవే తెప్పించాను. స్విచ్ పాతరకం, ఇలాంటి తేడా వస్తే హెచ్చరించే తెలివి దానికి లేదు. ఆ తెలివి ఉండవలసింది నాకు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఉల్లిపొట్టు దగ్గర నుంచి కొల్లేటి పురుగుల దాకా వెతికాను.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఈ గదిలో మొదటి నుంచీ ఉన్నవి ఎదురు గాలి ఫ్యాన్లు ఎందుకయ్యాయి? ఆయన్నే అడిగాను.

"గది కట్టేటప్పుడు బీరువాలు పడమర మొహంగా పెట్టారండి, ఏసీలకి ఎదురుగా" అన్నారు బాబాయ్ గారు. "వాస్తు ఆయనొచ్చి, పడమర చూస్తే యాపారం అస్తమించిపోద్ది, తూర్పుకి తిప్పండి అన్నారు. ఏసీలు మటుకు తిప్పడం కుదరదన్నారండి. అన్నీ తిప్పేశారు, వీపు ఏసీలకి వచ్చింది. అప్పుడొచ్చిన ఇంజనీరు గారు నవ్వుకుని ఫ్యాన్లు మార్చి తెప్పించారండి."

నాకూ నవ్వొచ్చింది, ఆ స్థితిలో కూడా. ఆ ఇంజనీరు ఎవరో గాని తెలివైనవాడు. వాస్తుతో తగవు పెట్టుకోకుండా గాలినే తిప్పేశాడు. అయితే ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే మాత్రం నేను చదివేదాన్నా అంటే, చెప్పలేను.

నీలం పిడి ఫ్యాన్లు విజయవాడ స్టోరులో ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి తెచ్చి, బాబాయ్ గారు టార్చి పట్టుకుంటే ఒకదాని తరవాత ఒకటి మార్చాను. నాలుగు దారాలూ జాలీకి అతుక్కున్నాయి. రెండు గంటలు దాటింది, మూడు దాటింది. ఉష్ణోగ్రత అంకె కిందికే దిగుతోంది తప్ప పైకి వెళ్లడం లేదు. ఆయన ప్రతి పావుగంటకీ వచ్చి ఆ అంకె చూసి, వెళ్లి పుస్తకంలో రాసుకున్నారు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రిపోర్టు మొదలుపెట్టాను. భయం వేసింది. రెండు వాక్యాలు మెత్తగా రాస్తే సరిపోతుంది, 'విడిభాగాల సరిపోలికలో లోపం' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎవరికీ అర్థం కాకపోతే షావుకారు గారి అనుమానం ఎక్కడిది అక్కడే ఉంటుంది, నెలాఖరుకి బాబాయ్ గారు ఇంటికి వెళతారు. పళ్లు బిగబట్టి రాశాను. ఫ్యాన్లు తప్పు దిక్కువి, ఎంచి తెప్పించింది నేను, రెండుసార్లూ అమర్చింది నేను. గది నిర్వహణలో లోపం లేదు. ఈ పొరపాటును ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

ఆయనకు చదివి వినిపించాను. చేతులు కట్టుకుని విన్నారు.

"మీ పేరు రాసేసుకున్నారేంటండీ" అన్నారు బాధగా. "మీకేమన్నా ఇబ్బంది వస్తదేమోనండి."

"రానివ్వండి. ఆ దారాలు కట్టినప్పుడే నాకు ఒక్క ఫోను చెయ్యకూడదా బాబాయ్ గారూ?"

"గాలి సంగతి మీకు చెప్పానండి."

"ఎప్పుడు?"

"మొదటి ఫ్యాను ఏసిన రోజునేనండి. మీరు సామాను సర్దుకుంటంటే, ఏవండీ, కొత్తది గాలి ఇటు కొడతన్నట్టుంది, ఓసారి చూస్తారా అన్నాను. మీరు, ఆఁ, అదంతే బాబాయ్ గారూ అన్నారు. చదువుకున్నోరు అదంతే అన్నాక అంతే కాబోసనుకున్నానండి. రెండోది ఏశాక మళ్లీ మనసాగక దారాలు కట్టి చూసుకున్నాను."

ఆయన గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట నాకు గుర్తు రాలేదు. ఆయన చెప్పడం గాని, నేను అదంతే అనడం గాని, ఏదీ లేదు. రైలుకి టైమవుతోందని ఆ రోజు హడావిడిగా మెట్లు దిగడం మాత్రం గుర్తుంది. వెనక వైపు చూడటం నా జబ్బని మురిసిపోయేదాన్ని. వెనక నిలబడి మాట్లాడిన మనిషి వైపు తల తిప్పి చూడలేదు.

ఎవరూ గమనించలేదన్న వాక్యం కొట్టేశాను. దాని బదులు 'గది చూసుకునే ఆయన మొదటి రోజే గమనించి నాకు చెప్పారు, నేను వినలేదు' అని రాశాను. మేనేజరు గారికి పంపితే వెంటనే ఫోను వచ్చింది. "ఆ చివరి వాక్యం అవసరమా అండీ?" అన్నారు. అవసరమేనండీ అన్నాను. మీ ఇష్టం, మెమో మాత్రం తప్పదు అన్నారు.

కాగితం ప్రింటు తీసి కిందికి తీసుకెళ్లాను. బాబాయ్ గారు నా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. షావుకారు గారు ఉల్లిపాయల బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ పైకే చదివారు. చివరి వాక్యం రెండుసార్లు చదివారు. తలెత్తి ఆయన వైపు చూశారు.

"ఈవిడికి చెప్పావు సరే. మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

బాబాయ్ గారు నేల చూపులు చూస్తూ, ఎంతో మర్యాదగా అన్నారు.

"తమరికీ చెప్పానండి. దారాలు చూసి కోప్పడ్డారే, ఆ రోజే చెప్పానండి."

షావుకారు గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. నెలాఖరు మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.