కింద వాటా ఆయన తుపాకీకి నా సంతకం

నాకు మొహమాటం ఎక్కువ. మా విజయనగరం వైపు దాన్ని మంచితనం కింద లెక్కేస్తారు. నేనూ చాలాకాలం అలాగే అనుకుని లోలోపల మురిసిపోయాను. అది మంచితనం కాదని అరవై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది.

మల్కాజ్‌గిరిలో మా ఇంటి కింద వాటాలో తొమ్మిదేళ్లుగా ఒక జంట అద్దెకుంటున్నారు. ఆయన సైన్యంలో పనిచేసి, చివరి రెండేళ్లూ బొల్లారంలో ఉండి, రిటైరయ్యాక ఇటు వచ్చాడు. బేగంపేటలో బంగారం మీద అప్పులిచ్చే ఒక ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం. అలాంటి చోట్ల సొంత తుపాకీ, దానికి లైసెన్సు ఉన్నవాణ్ని గన్‌మన్ అంటారు. అవి లేనివాడు వాచ్‌మన్. గన్‌మన్‌కి మేనేజరు నమస్కారం పెడతాడు, వాచ్‌మన్‌ చేత టీ తెప్పించుకుంటాడు. అందుకే ఆయన తన రెండు గొట్టాల తుపాకీని గుడ్డసంచిలో పెట్టి రోజూ డ్యూటీకి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. దసరా నాడు దానికి కుంకుమ బొట్లు పెట్టి, మాకు పైకి పులిహోర పంపేవారు.

ఆ తుపాకీ మా ఇంట్లో ఉందని నేనెప్పుడూ భయపడలేదు. పొద్దున వాకింగులో రిటైరైన నలుగురం చేరినప్పుడు అమెరికా కాల్పుల వార్త వస్తే నేనే గొంతు పెంచేవాణ్ని. అక్కడ అంగట్లో సరుకు కొన్నట్టు తుపాకులు కొంటారని, మన చట్టం అలా కాదని, పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, ఇరుగుపొరుగు మాట, ఇన్ని దాటితే గానీ ఇక్కడ ఎవడి చేతికీ లైసెన్సు రాదని ఉపన్యాసం దంచేవాణ్ని. మాలో ఒకాయన, తనను తాను కాపాడుకునే హక్కు ప్రతివాడికీ ఉండాలని వాదించేవాడు. ఆయన్ని మాట పూర్తి చేయనిచ్చేవాణ్ని కాదు.

కిందటేడు వానాకాలంలో కింద వాటా ఆయన లైసెన్సు రెన్యూవల్‌కి వచ్చింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో ఉండగా, ఆవిడ పైకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నా, పోలీసాయన మిమ్మల్ని అడగనీకి వస్తడు. మీరు మంచిగున్నడని రాసియ్యకుండ్రి.”

నాకు బోధపడలేదు. ఏమైనా చేయి చేసుకుంటున్నాడా అమ్మా అని అడిగాను.

“నన్నేమనడు. ఆయన మీదనే నాకు ఫికర్. ఆర్నెల్ల సంది సరిగ్గ నిద్ర లేదు, తిండి లేదు. డ్యూటీ నుంచి వచ్చి బందూకు తొడ మీద పెట్టుకొని గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు. మొన్న దగ్గరికి పోతే, ఇగ చాలు అన్నడు. ఏం చాలు అని అడిగిన. చెప్పలే.”

డాక్టరుకు చూపించారా అన్నాను.

“సర్టిఫికెట్ కోసం పోయిండు కదన్నా. బీపీ చూసి, మంచిగున్నవని రాసిచ్చిండు.”

తను వచ్చినట్టు ఆయనకు తెలియనివ్వొద్దని చేతులు జోడించింది. అలాగేనమ్మా అన్నాను. నిజంగానే ఆ మాట నిలబెట్టుకోవాలనుకున్నాను.

రెండు రోజుల తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. ఒంటరిగా వస్తాడనుకున్నాను, కింద వాటా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ కింద నుంచి టీ తెచ్చి నా ముందు పెట్టి, నా మొహంలోకి ఒక్కసారి చూసి, గుమ్మం దగ్గర నిలబడింది.

“ఇంటి ఓనర్ మీరే కద సార్. మనిషి మంచోడేనా? లొల్లి గిట్ల ఏం లేదు కద? ఉంటే చెప్పుండ్రి, లేకుంటే ఇక్కడ రాసి సంతకం పెట్టుండ్రి,” అన్నాడు కానిస్టేబుల్.

పక్కనే ఆయన చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ గొంతు పెంచని మనిషి. నాకు గుండెనొప్పి వచ్చిన రోజున నన్ను ఎత్తుకుని మెట్లు దింపిన మనిషి. ఆయన ఎదురుగా, ఇతనికి మనసు బాగాలేదని ఎలా చెప్పడం? ‘రేపు రాసిస్తాను’ అన్నా సరిపోయేది. ఆ ఒక్క ముక్కకి నోరు పెగల్లేదు. ఇంటికొచ్చిన పోలీసు, చల్లారిపోతున్న టీ, ఎదురుగా ఆయన, వీటన్నిటి మధ్య కాదనడం మర్యాద కాదనిపించింది. తొమ్మిదేళ్లుగా తెలుసనీ, నడవడిక మంచిదనీ, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారనీ గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. అంత గట్టిదని నేను పొగిడిన చట్టం అన్ని మెట్లూ దాటి నా పెన్ను దాకా వచ్చింది, నేను దాన్ని చూస్తూ చూస్తూ పోనిచ్చాను. తలెత్తేసరికి గుమ్మంలో ఆవిడ లేదు.

“ఏటండీ మీరు చేసిన పని,” అంది నా భార్య సంగతంతా విని. ఇంకేమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు సిగ్గు విడిచి స్టేషనుకు వెళ్లాను. ఎస్సై కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడాడు.

“నిన్న మంచిగున్నడని రాసిన్రు, ఇయ్యాల లేడంటున్రు. ఏది ఎక్కియ్యమంటరు సార్? ఇంట్లామెను ఒక్క కాయితం రాసియ్యమనుండ్రి, ఇప్పుడే ఆపేస్త.”

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఇంటికొచ్చి ఆవిడను అడిగాను. బట్టలు ఆరేస్తూ, నా వైపు తిరగకుండానే చెప్పింది.

“నేను రాస్తే పెండ్లామే పట్టిచ్చినట్టయితది. బందూకు పోయి, గన్‌మన్ నౌకరి పోయి, అది చేసింది నేనని తెలిసినంక ఆయన బతుకుతడా? మీరు రాయకుంటే, ఓనర్ రాయలే అని మిమ్మల్ని నాలుగు తిట్టుకుంటుండె. యాడనో వాచ్‌మన్‌గ చేసుకుంటుండె. మీకు ఏం పోతుండె అన్నా?”

నాకు పోయేదల్లా ఆయన దృష్టిలో మంచివాణ్ననే పేరు. అంతకు మించి ఏమీ లేదు.

రెన్యూవల్ వచ్చింది. ఐదేళ్లకు. ఆ సాయంత్రం ఆయనే మిఠాయి డబ్బా పట్టుకుని పైకి వచ్చాడు. నేనొకటి తీసుకున్నాక కూడా వెళ్లకుండా వరండాలో నిలబడ్డాడు.

“మీరు రాయరనుకున్న సార్,” అన్నాడు.

ఆవిడ వచ్చిన సంగతి బయటపడిందనుకున్నాను. అబ్బే, అదేం లేదు బాబూ అని ఏదో గొణిగాను.

“నాకు ఎవ్వలు ఏం చెప్పలే. నేను మంచిగ లేనని నాకే ఎరుక. డాక్టర్ అడుగుతడనుకున్న, అడగలే. పోలీసాయన నన్ను అడగలే. మీరు చదువుకున్నోళ్లు, రోజు చూస్తుంటరు. మీరన్నా వద్దంటరనుకున్న.”

మరి మీరే వదులుకోవచ్చు కదా అన్నాను. ఆ మాట నా చెవికే నీచంగా వినబడింది.

“నా నోటితోని నేనెట్ల చెప్త సార్? ముప్పై ఏండ్ల సంది నా చేతిల అదే ఉన్నది.”

మనసుకు వైద్యం చేసే మంచి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానన్నాను. ఆయన నవ్వినట్టు పెదవులు కదిలించాడు.

“ఆ డాక్టర్ చీటీ ఉంటే ఈ లైసెన్స్ ఉంటదా సార్?” అని, డబ్బా మూత పెట్టి కిందికి దిగిపోయాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. తర్వాత రెండుసార్లు మళ్లీ డాక్టరు ఊసెత్తాను. మాట దాటేశాడు. ఆవిడ నాతో మాట్లాడదు. సాయంత్రాలు ఆవిడ కిందా, నేను పైనా గేటు చప్పుడు కోసం చూస్తుంటాం. చప్పుడయ్యాక, క్షేమంగా వచ్చాడని ఊపిరి పీల్చుకుంటాను. ఆ వెంటనే, తుపాకీ కూడా ఆయనతోపాటు ఇంట్లోకి వచ్చిందని గుర్తొస్తుంది. నేను పెట్టిన సంతకం ఇంకా నాలుగేళ్ల నాలుగు నెలలు చెల్లుతుంది.