లేహ్‌లో శనివారం ఉపవాసం

విజయనగరంలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలకి రెండు సంగతులు బాగా తెలుసు. తప్పు వాయిస్తే నేను ఊరుకోను. శనివారం దీపం పెట్టేదాకా తినను. మా ఇంట్లో తరతరాలుగా గుడిలో సంగీత సేవ ఉంది, శనివారం ఒంటిపూట దాంతోపాటే వచ్చింది. షుగరు మాత్రం నా స్వార్జితం. పొద్దున్నే షుగరు బిళ్ళ వేసుకుని సాయంత్రం దాకా మంచినీళ్ళతో గడిపేదాన్ని. డాక్టరుగారు వద్దంటే, "ఇన్నేళ్ళలో ఏమైందండీ?" అని ఎదురు అడిగేదాన్ని. నిజంగానే ఏమీ కాలేదు.

నిరుడు వేసవిలో మా తమ్ముడు లేహ్ రమ్మన్నాడు. వాడు సైన్యంలో ఉన్నాడు. భార్యాపిల్లలు చీపురుపల్లిలో ఉంటే, అక్కడ గదిలో ఒక్కడే. వెళ్ళిన కొత్తలో నన్ను మంచం దిగనివ్వలేదు. తలనొప్పి, ఆయాసం, షుగరు కూడా కాస్త పెరిగింది. ఒళ్లు అలవాటుపడ్డాక కథ తిరగబడింది. అన్నం చూస్తే విసుగు, జాకెట్లు వదులు. షుగరు మీటరులో అంత తక్కువ అంకెలు ఇంటి దగ్గర ఎప్పుడూ చూడలేదు.

"సూడరా, నేను కొండెక్కితే నా షుగరు దిగిపోనాది!" అన్నాను.

"అయితే ఇక్కడే ఉండిపో అక్కా," అని వాడు నవ్వాడు.

ఆ వారం శనివారం కూడా ఎప్పటిలాగే బిళ్ళ వేసుకుని ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నం వయొలిన్ తీస్తే కమాను పట్టిన చెయ్యి వణికింది. అంత చలిలోనూ వీపంతా చెమట. గుండె దడదడలాడింది. తమ్ముడు నా మొహం చూసి హడలిపోయాడు.

"గాలి సాల్లేదక్కా నీకు! ఊపిరి పీల్సు, గట్టిగా పీల్సు!" అంటూ ఆక్సిజన్ మాస్కు తెచ్చి మొహానికి పెట్టాడు.

పీల్చాను. ఊపిరి బాగానే ఆడుతోంది. వణుకు మాత్రం తగ్గలేదు, నాలుక మొద్దుబారుతోంది. అంతలో ఆకలి వేసింది. అన్నాళ్ళూ మొహం చాటేసిన ఆకలి పేగులు మెలిపెట్టేసింది. అప్పుడు తెలిసింది నాకు, పడిపోయింది షుగరని. మాస్కు పీకేశాను.

"పంచదార తేరా."

"షుగరు మనిషివి, నీకు పంచదారేటి? పైగా శనివారం!" వాడు డబ్బా తీసి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి చెయ్యి విరిచినంత పనిచేసి డబ్బా లాక్కున్నాను. గుప్పెడు పంచదార నోట్లో పోసుకుని నీళ్ళు తాగాను. కాసేపటికి వణుకు తగ్గింది. మీటరు పెట్టి చూస్తే, అంత తిన్నాక కూడా అంకె అడుగునే ఉంది.

అక్కడి డాక్టరమ్మ బిళ్ళ తగ్గించింది. ప్రాణవాయువు తక్కువైన చోట ఒళ్ళు కొవ్వు కన్నా చక్కెరనే ఎక్కువ మండించుకుంటుందట, దానికి తక్కువ గాలి చాలట. పైగా ఆకలి ఉండదు. కింద సరిపోయిన బిళ్ళ పైన ఎక్కువైపోతుందని, ఖాళీ కడుపుతో వేసుకుంటే మనిషే పోవచ్చని చెప్పింది. "జబ్బు పోయిందని ఊరంతా చాటకండి, కిందికి దిగితే మళ్ళీ వస్తుంది," అని కూడా అంది. ఇంటికొచ్చాక అన్నట్టే వచ్చింది.

ఆ శనివారం సాయంత్రం మాత్రం దీపం పెట్టకుండానే అన్నం తిన్నాను. "వెంకన్నా, కొండ మీద కాపురం ఉండేవాడివి, నీకు నేను చెప్పాలా?" అన్నాను దేవుడితో. ఆయనతో నాకు పేచీ లేదు.

తమ్ముడే కంచం ముట్టలేదు. గోడకి ఆనుకుని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆ డబ్బా లాక్కోకపోయి ఉంటే నేను వాడి చేతుల్లోనే పోయేదాన్ని. మా అక్క గాలి చాలక పోయిందని వాడు జన్మంతా అందరికీ చెప్పుకునేవాడు.