నీళ్ళు సరిపోతాయన్నాను

ఈ మాట నోట్లో పెట్టుకునే ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను. గుళ్ళో కొబ్బరికాయలు కొట్టాను, నలుగురిలో పెద్దమనిషిననిపించుకున్నాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అందుకే నోరు పెగులుతోంది.

మాది యాంగోన్, పాత రంగూన్. మా తాతలు తెలుగు నేల నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోశారు. మా మేనత్త కొడుకు పైడిరాజు అదే రేవులో క్రేన్ ఎక్కాడు. మా వాళ్ళలో అంత ఎత్తున కూర్చుని పని చేసిన మొదటివాడు వాడే. నేను చౌక్తడా పేటలో ఓ ఆఫీసులో గుమస్తాని. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఇప్పటికీ.

యాంగోన్‌లో ఉన్నది బురద నది. కెరటాలు కావాలంటే బస్సెక్కి పడమటి తీరానికి పోవాలి. అక్కడ ఓ జాలరి పల్లె ముందు, నీళ్ళ కింద రాతిగట్టు ఉంది. వానలు తగ్గాక, పొద్దున్నే నేల మీంచి గాలి వీస్తుంటే, ఆ గట్టు మీద కెరటం నున్నగా లేచి ఒక పక్కకే విరుగుతూ పోతుంది. పోటు మీదున్నంతసేపే దాని మీద సర్ఫింగ్ బోర్డు వెయ్యాలి. పాటు మొదలైతే నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోతాయి. రాళ్ళ నిండా కత్తుల్లాంటి గుల్లలు. ఓ విదేశీయుడు వదిలేసి వెళ్ళిన పాత బోర్డు మీద ఇవన్నీ నేర్చుకున్నది నేను. బావకి నేర్పిందీ నేనే. నన్నడక్కుండా వాడు నీళ్ళలో కాలు పెట్టేవాడు కాదు.

ఏడాది తిరక్కుండా నన్ను మించిపోయాడు. నేను కెరటం మీద నిలబడ్డానికి తంటాలు పడేవాణ్ణి, వాడు దాని మీద నడిచేవాడు. ఓ రోజు పొద్దున్న వాడు ఒడ్డుదాకా జారుకుంటూ వస్తే వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. నా వెనకాలే నిలబడి కొట్టారు. అంతే జరిగింది. అంతకంటే వాడు నాకు చేసిన అన్యాయం ఏమీ లేదు.

వాడు టీ తాగడానికి వెళ్ళాడు. నేను మళ్ళీ దిగాను. కెరటానికీ కెరటానికీ మధ్య నీళ్ళు వెనక్కి లాగినప్పుడు గట్టు తల నల్లగా పైకి తేలింది. బోర్డు చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఎదురుగా బావ, మూతి తుడుచుకుంటూ వస్తున్నాడు.

"ఏటి బావా, అప్పుడే వచ్చేసినావు? నీల్లు సరిపోతాయా?"

"సరిపోతాయి. ఎల్లు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందో! నేనేం కోరుకున్నాను? వాడు ఒక్కసారి పడాలని. ఆ చప్పట్లు కొట్టిన వాళ్ళముందు కుంటుకుంటూ బయటికి రావాలని. అంతకు మించి కోరుకోలేదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ ఆ గుల్లలు మనిషి ఒంటిని ఏం చేస్తాయో తెలిసినవాడు, "కొంచెం దెబ్బ తగిలితే చాలు" అని ఎలా అనుకోగలడు? వాడు నీళ్ళలోకి నడుస్తుంటే వెనక్కి పిలవడానికి బోలెడంత సమయం ఉంది. పిలవలేదు. చూస్తూ నిలబడ్డాను.

మొహం రాతికి కొట్టుకుంది. కుడి కన్ను పోయింది.

ఆసుపత్రిలో స్పృహ వచ్చాక ఆ రోజు సంగతి వాడికేదీ గుర్తు లేదు. బస్సు దిగడం గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. వాడి పెళ్ళాం నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఏటయింది అన్నయ్యా?" నిజం చెప్పడానికి దేవుడిచ్చిన ఘడియ అది. నేనన్నాను, "వద్దన్నాను చెల్లెమ్మా. ఇనలేదు."

మొదటిది ఈర్ష్యలో జారిన మాట అనుకోండి. మరి ఇది? ఇది ఆలోచించి చెప్పింది.

ఒంటికన్నుతో దూరం అంచనా కట్టలేడని వాణ్ణి క్రేన్ దింపేశారు. రేవు గేటు దగ్గర లారీలు చూసుకునే పనిచ్చారు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోగా, ఎవరింట్లో నలుగురు కూడినా తన కన్ను చూపించి చెప్పేవాడు: "మా బావ మంచోడు. వద్దన్నాడు. నేనే మొండోణ్ణి." అప్పుడంతా నావైపు గౌరవంగా చూసేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. అది వినయం అనుకునేవారు.

మొన్న వానలు వెనకబట్టాక బావ కూతురు సుజాత, కాలేజీ పిల్ల, తనూ కెరటాలెక్కుతానంది. "మా బావ కూడా ఉంటేనే పంపిస్తాను, ఆడి మాట ఇను" అని చెప్పి వాడే మా ఇద్దర్నీ బస్సెక్కించాడు. పొద్దున్నంతా బాగానే ఉంది. పాటు మొదలయ్యాక పిల్ల మళ్ళీ బోర్డు ఎత్తుకుంది.

"వద్దమ్మా. రాయి తేలిపోతోంది," అన్నాను.

"ఒక్కసారే మావా."

"వద్దన్నాను కదా."

నవ్వి బోర్డు దించేసింది. "మా నాన్నలా మొండికెయ్యనులే. ఆరోజు నాన్న నీ మాట ఇని ఉంటేనా..."

"విన్నాడు," అన్నాను.

పిల్ల నావైపు చూసింది.

"నీళ్ళు సరిపోతాయా అని అడిగాడు. సరిపోవని తెలిసి కూడా సరిపోతాయి, ఎల్లు అన్నాను. నా మాట విన్నాడు కాబట్టే వెళ్ళాడు."

పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. బస్సులో నా పక్కన కూర్చోలేదు, అంతే.

మర్నాడు బావ ఫోన్ చేశాడు. వెనకాల లారీల రొద.

"సుజాత ఏదో అంటంది. నిజవేనా బావా?"

"నిజవే."

లారీలు వస్తూ పోతూ ఉన్నాయి. వాడి ఊపిరి వినిపిస్తూనే ఉంది. నేనూ ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి వాడే పెట్టేశాడు.

మళ్ళీ వాడు ఫోన్ చెయ్యలేదు. క్షమించమని అడగలేదు నేను, అడిగే మొహం లేదు. వాళ్ళ వీధిలోకి వెళ్ళడానికి కాళ్ళాడటం లేదు. సిగ్గు తగ్గిందా అంటే లేదు, ఇంకా పెరిగింది. కానీ ఆ మాట ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు.