ఖాళీ చెయ్యాలన్నారు

మా మేనత్త సుభాష్‌పల్లిలో ఖాళీ సీసాల షెడ్డు నడిపేది. నవ్వకండి, వానాకాలం మా వీధి మునగలేదంటే ఆ షెడ్డు పుణ్యమే. మలంచా రోడ్డు పొడుగునా జనం నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు తాగీసి కాలవల్లోకి విసిరేవారు. నాలుగు చినుకులు పడితే గుమ్మాల్లోకి మురుగు వచ్చేది. అది చూడలేక వార్డు వాళ్ళే ఈ స్కీము పెట్టినారు. జనం సీసాలు తెస్తే అత్త కాటా మీద తూచి చిల్లర ఇచ్చేది, మూతలు ఊడదీసి, సీసాలు తొక్కి బస్తాలకెత్తేది, లారీ వచ్చి పట్టుకుపోయేది. షెడ్డు అద్దె, లారీ కిరాయి, అత్త జీతం, అన్నీ వార్డు ఫండే.

మావయ్య పోయాక అత్త కొడుకింట్లో ఓ గదిలో ఉంటోంది. "కోడలి ముందు సెయ్యి సాపకుండా నా టీ నేను కొనుక్కుని తాగుతన్నాను. అది సాలు నాకు" అనేది. ఆ షెడ్డు పోతే ఆ మాట కూడా పోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మొన్నటి వానల్లో లారీ రావడం మానేసింది. సీసాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. తొక్కడానికి చోటు లేక అత్త మూతలతోనే పోగెయ్యడం మొదలెట్టింది. పోగు రేకుల దాకా పెరిగిపోయింది. ఎండెక్కితే ఒకసారి, పొద్దువాలితే ఒకసారి, ఆ సీసాలు లోపల్నించి టక్కు టక్కుమనేవి. ఎవరో దాక్కుని మెటికలు విరుస్తున్నట్టుండేది. నాకు ఆ చప్పుడు వింటే ఒళ్ళు జలదరించేది, అత్త మాత్రం "గాలే గుంటా, గాలి" అనేది.

ఇంతలో వీధిలో జొరాలు మొదలైనాయి. ఎదురింటి దీదీ కొడుకుని ఆసుపత్రిలో పెట్టినారు. దోమలన్నీ ఈ షెడ్డులోంచే పుడుతున్నాయని గుసగుసలు. రోజూ సీసాలు తెచ్చి, కూర్చుని కబుర్లాడి వెళ్ళే ఆ దీదీయే, మొహం తిప్పుకుని పోవడం మొదలెట్టింది. ఆ సీసాలు తాగింది ఎవరమ్మా, మా అత్తా?

అత్త వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆఖరికి ఒక మనిషిని రప్పించింది. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. అత్త స్టూలు తుడిచి వేసి, టీ తెప్పించి, "దాదా, లారీ కొబే ఆస్‌బే?" అని ఆ ఊరి బెంగాలీలో అడిగింది. లారీ ఎప్పుడొస్తుందని.

అతను టీ ముట్టుకోలేదు. "పూజోర్ ఆగే ఖాలి కొర్తే హొబే, మాషిమా" అన్నాడు. దసరా పూజలకి ముందు ఖాళీ చెయ్యాలి పిన్నీ, అని.

అత్త మొహం వెలిగిపోయింది. మరి ఆ షెడ్డులో ఖాళీ అంటే సీసాయే కదా! పొద్దస్తమానం ఆ మాటే. ఖాళీలు తూచినావా, ఖాళీలు కట్టినావా, ఇయ్యాల ఖాళీలు తక్కువొచ్చినాయేటి. "ఇన్నావే? పూజలకి ముందే ఖాళీలన్నీ ఎత్తించీస్తారంట!" అని నా భుజం చరిచింది.

నేను మాత్రం అతన్నే చూస్తున్నాను. సీసాల వేపు కన్నెత్తి చూడలేదు. గోడలు చూసినాడు, రేకులు చూసినాడు, కరెంటు మీటరుకి ఫొటో తీసుకున్నాడు. "సీసాల కోసం వచ్చినోడికి మీటరుతో ఏటి పని అత్తా?" అన్నాను. "ఓలమ్మ, నీకన్నీ అపశకునాలే! నోరు ముయ్యి" అని కసిరింది.

పూజ పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్న రోజుల్లో, ఒక పొద్దున లారీ వచ్చింది. అత్త కాటాకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కూలీలకి టీలు పోయించి, కొంగు బొడ్లో దోపి తనే బస్తాలు అందించింది. ఆఖరి బస్తా ఎక్కినాక చీపురు పట్టుకుని మూలమూలా ఊడ్చింది, నీళ్ళు చల్లి కడిగింది. ఎన్నాళ్ళకో నేల కనిపించింది.

అప్పుడు కూలీలు కాటా ఎత్తినారు.

"దాదా, ఓటా నా! ఓటా ఆమార్!" అని అత్త అడ్డం పడింది. అది వద్దు, అది నాది అని.

ఆ ఇస్త్రీ చొక్కా మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫండు ఆగిపోయిందనీ, స్కీము మూసేసినారనీ, షెడ్డు వేరే పనికి ఇచ్చేసినారనీ మెత్తగానే చెప్పినాడు. "ఖాలి కొర్తే బోలేఛిలామ్ తో, మాషిమా." ఖాళీ చెయ్యమని చెప్పినాను కదా అని. చెప్పినాడు, కాదనలేం.

అత్త పోట్లాడుతుందనుకున్నాను. ఆవిడ తడి నేల వేపు చూసి, "నా సేత్తోనే ఊడ్సి ఇచ్చీసినానే" అంది. తాళం చెవి అతని చేతిలో పెట్టేసింది.

ఇప్పుడు కాలవ నిండా మళ్ళీ సీసాలే. అత్త దారిలో కనిపించినవి ఏరి తెచ్చి మంచం కింద దాస్తోంది. ఎండెక్కితే ఆ గదిలో కూడా టక్కు టక్కుమంటున్నాయి. మొన్న నేను వెళ్ళేసరికి కోడలు వంటింట్లోంచి గట్టిగా అంది: "అత్తయ్యా, పండగ దాటనిచ్చినాను. ఇంక ఆ గది ఖాళీ చెయ్యండి."

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏ ఖాళీ అంటన్నాదే గుంటా?" అంది గుసగుసగా. "సీసాలా, నేనా?"